ఆటగాడికి తెలుసు... పాత్రకు తెలియదు!

వంతెన కింది రాక్షసుణ్ని ఎలా చంపాలో బల్ల చుట్టూ కూర్చున్న అందరికీ తెలుసు. కత్తి పట్టుకుని వాడి ఎదురుగా నిలబడిన పల్లెటూరి కుర్రాడికి మాత్రం తెలియదు. ఆ కుర్రాడి చేత ఇప్పుడు ఏం చేయించాలి? డంజన్స్ అండ్ డ్రాగన్స్ పుట్టి యాభై ఏళ్లు దాటినా ఈ ప్రశ్న మీద పేచీ తెగలేదు.

ట్రోల్ అనే ఆ రాక్షసుడి చెయ్యి తెగి నేలమీద పడింది. పడిన చెయ్యి ఇంకా పాకుతూనే ఉంది. భుజం దగ్గర కొత్త మాంసం ఉబుకుతోంది, వేళ్లు మొలుస్తున్నాయి. డంజన్ మాస్టర్ అంతవరకు చెప్పి ఆగాడు. ‘‘నీ వంతు. ఏం చేస్తావ్?’’

ఫైటర్ అనే యోధుడి పాత్రను ఆడిస్తున్న కుర్రాడు క్యారెక్టర్ షీట్ చూసుకున్నాడు. కత్తి, డాలు, తాడు, మూడు కాగడాలు. ‘‘కత్తి కింద పడేసి కాగడా వెలిగిస్తానన్నా.’’

పక్కనున్న స్నేహితుడు ఊరుకోలేదు. ‘‘రేయ్, నిప్పు సంగతి నీకు తెలుసు. వాడికెలా తెలుస్తుంది? ఊరు దాటి రావడం ఇదే మొదటిసారని నువ్వే కదా రాశావ్!’’

‘‘తెగిన చెయ్యి మళ్లీ మొలుస్తుంటే ఎవడైనా నిప్పు పెడతాడ్రా.’’

‘‘ఎవడైనా పారిపోతాడు. మాన్యువల్ చదివినవాడే నిప్పు పెడతాడు.’’

ఈ ఆట ఆడే చోటల్లా, అది అమెరికాలో ఇంటి బేస్‌మెంట్ అయినా హైదరాబాద్‌లో బోర్డ్ గేమ్ కేఫ్ అయినా, ఎప్పుడో ఒకప్పుడు ట్రోల్ ముందు ఇలా ఆట ఆగిపోతుంది. ఆటగాడి బుర్రలో ఉన్నది వేరు, అతను ఆడిస్తున్న పాత్ర బుర్రలో ఉండాల్సింది వేరు. మొదటిదాన్ని రెండోదాని చేత వాడించడాన్ని ‘మెటాగేమింగ్’ అంటారు. ఈ బల్లల దగ్గర అది దొంగాట అన్నంత పెద్ద నింద. ఆ నింద చాలాసార్లు తప్పు మనిషి మీద పడుతోందన్నది నా అభిప్రాయం.

ఆట తెలియనివాళ్లకు నాలుగు మాటలు. నెట్‌ఫ్లిక్స్ ‘స్ట్రేంజర్ థింగ్స్’ మొదటి ఎపిసోడ్‌లో నలుగురు పిల్లలు బేస్‌మెంట్‌లో బల్ల చుట్టూ కూర్చుని ఆడేది ఇదే. ఒకరు డంజన్ మాస్టర్, అందరూ డీఎం అంటారు. లోకాన్ని వర్ణించేది, రాక్షసుల్ని నడిపేది, దారిలో ఎదురయ్యే అంగడివాడి నుంచి రాజు దాకా అందరి గొంతుతో మాట్లాడేది ఆ ఒక్కరే. మిగతావాళ్లకు తలా ఒక పాత్ర. ‘తలుపు నెడతాను’ అని ఆటగాడు అంటాడు. తెరుచుకుంటుందో లేదో తేల్చాల్సి వస్తే 20 ముఖాల పాచిక వేస్తారు. గెలిచేవాళ్లూ ఓడేవాళ్లూ అంటూ ఉండరు. కథ వారం వారం సాగుతుంది, క్యాంపెయిన్లు అనే ఈ కథల్లో కొన్ని ఏళ్లకేళ్లు నడుస్తాయి.

తెలివే ఆయుధమైన రోజులు

1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ కలిసి రూపొందించిన ఈ ఆట విస్కాన్సిన్ రాష్ట్రంలోని లేక్ జెనీవా అనే చిన్న ఊరి నుంచి వెలువడింది. పెట్టెలో మూడు చిన్న పుస్తకాలు, మొదటి విడత వెయ్యి ప్రతులు. ఇద్దరూ యుద్ధ క్రీడల నుంచి వచ్చినవాళ్లు. బల్లమీద బొమ్మ సైన్యాలను నడిపే ఆ ఆటల్లో ‘నీకు తెలిసింది నీ సేనాపతికి ఎలా తెలుసు’ అని ఎవరూ అడగరు. ఎత్తు వేసేది నువ్వు, సేనాపతి కూడా నువ్వే. కొత్త ఆటలోకీ ఆ అలవాటే వచ్చింది.

ఆ రోజుల తీరు తెలియాలంటే ‘టూంబ్ ఆఫ్ హారర్స్’ను చూడాలి. 1975లో బాల్టిమోర్‌లో జరిగిన ఆరిజిన్స్ ఆటల సమావేశంలో పోటీ కోసం గైగాక్స్ తయారు చేసిన సమాధి అది. లోపల ఒక నడవా చివర గోడమీద పచ్చటి దయ్యపు ముఖం ఉంటుంది. నోరు తెరుచుకుని, లోపల కటిక చీకటితో, మనిషి దూరేంత పెద్దది. అది దారి అనుకుని లోపలికి దూరినవాడు తిరిగి రాడు. పాచికల్లేవు, రెండో అవకాశం లేదు. ఆ చీకటి తగిలినదల్లా ఉనికి లేకుండా పోతుంది. దాన్ని దాటించేది పాత్ర బలమూ కాదు, షీటు మీది అంకెలూ కాదు. బల్ల దగ్గర కూర్చున్న మనిషి అనుమానం, ‘ముందు ఒక కర్ర పెట్టి చూద్దాం’ అన్న జాగ్రత్త, అంతే.

అలాంటి ఆటలో పాత్ర చనిపోతే ఆటగాడు కాసేపట్లో కొత్త షీటు రాసుకునేవాడు. చచ్చిపోయినవాడి తమ్ముడంటూ ఒకడు వచ్చేవాడు. ఆ తమ్ముడు పచ్చ ముఖం వైపు కన్నెత్తి కూడా చూడడు. ఎందుకు చూడడని అడిగితే ఆ రోజుల్లో బల్లంతా ఆశ్చర్యపోయేది. నేర్చుకున్నది ఆటగాడు. వాడుకునేదీ ఆటగాడే. ఆటంటే అదే.

దీనికి డీఎంల దగ్గర ఒక్కటే విరుగుడు, ఆటగాళ్లు ఇంకా వినని రాక్షసుణ్ని తేవడం. 1977లో వచ్చిన ‘మాన్‌స్టర్ మాన్యువల్’ తిరగేస్తే ఈ పోటాపోటీ అక్షరాలా కనిపిస్తుంది. ఆటగాళ్లు ప్రతి తలుపుకీ చెవి ఆనించి వినడం మరిగారు. తలుపు చెక్కలో కాపురముండి చెవిలో దూరే పురుగు వచ్చింది. పెట్టె కనిపిస్తే చాలు దోచుకోవడానికి ఎగబడుతున్నారు. పెట్టెలా కనిపించే మిమిక్ వచ్చింది. ఇనుప కవచాన్ని క్షణాల్లో తుప్పు పట్టించే రస్ట్ మాన్‌స్టర్ అంతకుముందే వచ్చేసింది. దాని రూపం గైగాక్స్ కొన్న హాంకాంగ్ ప్లాస్టిక్ బొమ్మల సంచిలోది. పురాణాల్లో, నవలల్లో ఎక్కడా లేని జంతువు కాబట్టి దాని గుట్టు ముందే చదివి వచ్చినవాడెవడూ ఉండడు.

ట్రోల్ సంగతి అలా కాదు. తెగిన అవయవం మొలవడం, నిప్పుకు లొంగడం గైగాక్స్ కల్పన కాదు. పౌల్ ఆండర్సన్ రాసిన ‘త్రీ హార్ట్స్ అండ్ త్రీ లయన్స్’ నవల నుంచి వచ్చాయి. 1961లో అచ్చయిన ఆ పుస్తకం చదివినవాడికి ఆట పుట్టకముందే ట్రోల్ గుట్టు తెలుసు. అంటే ఈ చిక్కు ఆటలోకి తర్వాత వచ్చి చేరింది కాదు.

1979లో వచ్చిన ‘డంజన్ మాస్టర్స్ గైడ్’ ముందుమాటలో, ఈ పుస్తకం డీఎం తప్ప ఇంకెవరూ చదవకూడదని గైగాక్స్ గట్టిగానే చెప్పాడు. ఎవరు వింటారు? ఈ వారం డీఎంగా కూర్చున్నవాడే వచ్చే నెల ఇంకొకరి బల్ల దగ్గర ఆటగాడు. ఒకసారి చదివిన పుస్తకాన్ని చదవనట్టు చేసుకోవడం ఎవరి వల్లా కాదు.

పాత్రకంటూ ఒక బతుకు

తర్వాతి సంవత్సరాల్లో పాత్రలు మారాయి. పాత్రకు ఒక ఊరు, ఒక తల్లి, ఒక భయం, చెప్పుకోలేని ఒక గతం వచ్చాయి. సమాధి దోచుకుని బయటపడటం కంటే ‘ఈ మనిషి ఇక్కడ ఏం చేస్తుంది’ అన్నది ముఖ్యమైంది. అప్పుడు పచ్చ ముఖాన్ని తప్పించుకున్న తమ్ముడు ఉన్నట్టుండి దోషి అయ్యాడు.

ఇవి రెండు వేర్వేరు ఆటలు. రెండూ మంచివే. ఒకదాంట్లో ఆటగాడి బుర్రే పరీక్షకు నిలబడుతుంది, రెండోదాంట్లో పాత్ర బతుకు నడుస్తుంది. బల్ల దగ్గరి కొట్లాటల్లో చాలా భాగం, ఒకే పుస్తకం ముందు పెట్టుకుని ఇద్దరు ఈ రెండు ఆటల్లో చెరొకటి ఆడుతుండటం వల్ల వచ్చేవే. ట్రోల్ ముందు కాగడా తీసిన కుర్రాడు 1975 నాటి ఆట ఆడుతున్నాడు. అడ్డుకున్న స్నేహితుడు రెండోది ఆడుతున్నాడు. మొదటి సెషన్‌కు ముందే కూర్చుని ‘మనం ఆడేది ఏది’ అని తేల్చుకునే పద్ధతి ఇప్పుడు చాలా బల్లల దగ్గర ఉంది. దాన్ని సెషన్ జీరో అంటారు. ట్రోల్ ప్రశ్న అక్కడే అడిగేయాలి.

మరిచిపోవడం సాధ్యమేనా?

రెండో ఆట ఆడేవాళ్లు పాత్రకు తెలియనిది నీకూ తెలియదనుకుని ఆడమంటారు. వినడానికి సులువుగా ఉంటుంది. మన బుర్ర మాత్రం అలా పనిచేయదు.

1983లో హైంజ్ విమ్మర్, జోసెఫ్ పెర్నర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు చిన్నపిల్లలకు ఒక కథ చెప్పి ప్రశ్న అడిగారు. మాక్సీ అనే పిల్లాడు చాక్లెట్‌ను ఒక అలమరలో పెట్టి ఆడుకోవడానికి వెళ్తాడు. వాడు లేనప్పుడు అమ్మ దాన్ని ఇంకో అలమరలోకి మారుస్తుంది. తిరిగొచ్చిన మాక్సీ ఎక్కడ వెతుకుతాడు? మూడేళ్ల పిల్లలు చాక్లెట్ నిజంగా ఉన్న అలమరనే చూపిస్తారు. తమకు తెలిసింది మాక్సీకి తెలియదన్న ఊహ అప్పటికి వాళ్లకు అందదు. నాలుగు దాటాక మెల్లగా అందుతుంది.

పెద్దయ్యాక ఈ ఇబ్బంది పూర్తిగా పోతుందనుకుంటాం. 2007లో సూసన్ బర్చ్, పాల్ బ్లూమ్ పెద్దవాళ్లతో ఇలాంటిదే చేసి చూశారు. వస్తువు అసలు ఎక్కడుందో ముందే చెప్పేస్తే, కథలోని అమ్మాయి అక్కడే వెతకొచ్చన్న వైపు పెద్దవాళ్ల అంచనా కూడా మొగ్గింది. అమ్మాయి అక్కడ చూడటానికి ఏదో ఒక సాకు దొరికినప్పుడే అలా జరిగింది. ఈ సాకు అన్నదే మన బల్ల దగ్గర గమనించాల్సింది. ‘చెయ్యి మొలుస్తుంటే ఎవడైనా నిప్పు పెడతాడ్రా’ అన్న కుర్రాడు అబద్ధమాడటం లేదు, మోసమూ చేయడం లేదు. నిప్పు సంగతి ముందే తెలుసు కాబట్టి ఆ సాకు అతనికి నిజంగానే సబబుగా తోస్తోంది.

దీనికి రెండో వైపు ఇంకా చిక్కు. కాగడా వద్దనుకున్నాడు సరే. ఎంతసేపు వద్దనుకోవాలి? 2014 మాన్యువల్ ప్రకారం ట్రోల్‌కు మామూలుగా 84 హిట్ పాయింట్లు (ప్రాణబలం లెక్క), ప్రతి వంతులోనూ 10 తిరిగొస్తాయి. నిప్పో యాసిడో తగిలితే తర్వాతి వంతులో ఆ పది రావు. మూడు రౌండ్లు కత్తితో నరికి నాలుగో రౌండ్‌లో ‘అయ్యో, నిప్పు పెట్టి చూద్దాం’ అంటే సరిపోతుందా? ఐదా? ఏమీ తెలియనివాడు చేతికందిందల్లా విసిరేవాడు, మొదటి రౌండ్‌లోనే కాగడా విసిరినా విసిరేవాడు. తెలిసినవాడు మాత్రం అనుమానం రాకుండా ఉండటానికి కాగడా ముట్టుకోడు. ఆ ముట్టుకోకపోవడం కూడా తెలిసినదాన్ని బట్టి తీసుకున్న నిర్ణయమే. పాత్ర ఇక్కడ తనంతట తాను ఏమీ చేయలేదు, రెండు దారుల్లోనూ నడిపింది ఆటగాడి ఎరుకే. ‘మెటాగేమింగ్!’ అని కేక వేసే స్నేహితుడికి ఈ సంగతి ఎవరైనా నెమ్మదిగా చెప్పాలి.

మయసభలో నడక

1977 సంక్రాంతికి వచ్చిన ‘దానవీరశూరకర్ణ’లో ఎన్టీ రామారావు దుర్యోధనుడు, కర్ణుడు, కృష్ణుడు ముగ్గురూ తానే అయ్యారు. దర్శకుడూ ఆయనే. మయసభ సన్నివేశం తలుచుకోండి. నేలేదో నీరేదో సుయోధనుడికి తెలియదు. ఆ నడక నడుస్తున్న మనిషికి మాత్రం కొలను ఎక్కడ మొదలవుతుందో అడుగుతో సహా తెలుసు. తెలుసు కాబట్టే పడిపోయే ముందు ఆ తల అంత ఎత్తుగా ఉంటుంది. జారడానికి ముందున్న రాజసాన్ని ఎంత పెంచితే ఆ తర్వాతి అవమానం అంత లోతుగా దిగుతుందో నటుడికి లెక్క ఉంది. అన్నీ తెలిసిన కృష్ణుడు, పుట్టుక తెలియని కర్ణుడు, నేల తెలియని దుర్యోధనుడు ఒకే మనిషిలో ఉన్నారు. ఒకరి ఎరుక ఇంకొకరిలోకి కారలేదు.

నటుడు తనకు తెలిసింది మరిచిపోయి నటించడు. తెలిసినదాన్ని పాత్ర మీద ఖర్చు పెడతాడు. మంచి ఆటగాళ్లు చేసేదీ ఇదేనని నేను నమ్ముతాను. పెట్టెలో విషపు సూది ఉందని డీఎం ముఖం చూసి పసిగట్టిన ఆటగత్తె, తన దొంగ పాత్ర అత్యాశను గుర్తు చేసుకుని, చేతి తొడుగులు తీసి పక్కన పెట్టి మరీ మూత మీద చెయ్యి వేస్తుంది. బల్లంతా కేకలు వేస్తుంది. ఏమీ తెలియనివాళ్లకు ఆ క్షణాన్ని అంత బాగా మలచడం చేతకాదు.

నటుడికీ ఆటగాడికీ మధ్య ఒక తేడాను దాచకూడదు. నటుడి చేతిలో రాసిపెట్టిన కథ ఉంటుంది, పడిపోయినా అతను పోగొట్టుకునేది ఏమీ లేదు. ఆటగాడి చేతిలో ఉన్నది రెండేళ్లుగా పెంచుకున్న పాత్ర. ట్రోల్ నిజంగానే దాన్ని చంపేయగలదు. పాత్ర మీద ప్రేమ ఎక్కువైనకొద్దీ కాగడా వైపు చెయ్యి పోతుంది. దీన్ని స్వార్థం అనడానికి నాకు మనసొప్పదు.

తెలియకపోవడానికి విలువ కట్టిన ఆటలు

అందుకే కొందరు రూపకర్తలు ఆటగాడి మనసును మందలించకుండా ఆట లెక్కనే మార్చారు. 1981లో శాండీ పీటర్సన్ రూపకల్పనతో కేయోసియం సంస్థ తెచ్చిన ‘కాల్ ఆఫ్ కతుల్హు’ వీటిలో నాకు అన్నిటికంటే ఇష్టం. లవ్‌క్రాఫ్ట్ భయానక కథల లోకం అది. పాత్రలు ప్రొఫెసర్లు, విలేకరులు, పాత పుస్తకాలమ్మేవాళ్లు. ఒక్కొక్కరి షీటు మీద శానిటీ అనే అంకె ఉంటుంది. చూడరానిది చూస్తే, చదవరానిది చదివితే అది తరుగుతుంది. ఆ రహస్య లోకం గురించి పాత్రకు ఎంత తెలుసో చెప్పే అంకె ఇంకొకటి. శానిటీ ఎప్పటికీ 99లోంచి ఆ రెండో అంకెను తీసేయగా మిగిలినదాన్ని దాటలేదు. అంటే పాత్ర తెలుసుకున్న ప్రతి ముక్కా దాని మతిలోంచే కోత పెడుతుంది. లవ్‌క్రాఫ్ట్‌ను పూర్తిగా చదివిన ఆటగాడు కూడా ఈ ఆటలో తనకు తెలిసినదాన్ని పాత్ర చెవిన వేయడానికి వెనకాడతాడు.

2014 డంజన్స్ అండ్ డ్రాగన్స్‌లో పాత్ర లోపాన్ని నిజాయతీగా ఆడితే డీఎం ‘ఇన్‌స్పిరేషన్’ ఇవ్వొచ్చు. తర్వాత ఒక కీలకమైన పాచిక రోల్‌లో రెండు పాచికలు వేసి పెద్దది తీసుకోవచ్చు. ఫేట్ అనే ఆటలో పాత్ర బలహీనత వల్ల వచ్చే చిక్కును ఒప్పుకుంటే చేతికి ఒక పాయింట్ వస్తుంది. 1984 నాటి ‘పారనోయా’ ఇంకా దూరం వెళ్లింది. కంప్యూటర్ ఏలే భూగర్భ నగరంలో ఆటగాడు రూల్స్ తనకు తెలుసని బయటపెడితే అదే రాజద్రోహం.

పాచికలే గుట్టు బయటపెట్టే సందర్భమూ ఒకటుంది. పాత్ర ఏమైనా గమనించిందా అని తేల్చడానికి డీఎం ‘పర్సెప్షన్ రోల్ వెయ్యి’ అంటాడు. 4 పడుతుంది. ‘ఏమీ కనిపించలేదు’ అంటాడు. ఆ క్షణం నుంచి ఎవరూ గదిలో అడుగు పెట్టరు. రోల్ అడిగారంటే అక్కడ ఏదో ఉన్నట్టే కదా! ఈ ఇబ్బంది రాకుండా కొత్త రూల్స్‌లో పాసివ్ పర్సెప్షన్ ఉంది. 10కి పాత్ర సామర్థ్యం కలిపిన అంకె డీఎం దగ్గర రాసి ఉంటుంది, అడగకుండానే పోల్చి చూసుకుంటాడు. 2019లో వచ్చిన పాత్‌ఫైండర్ రెండో ఎడిషన్‌లో ఒక రాక్షసుడి గురించి పాత్రకు ఏమైనా గుర్తుందా అని తేల్చే రోల్‌ను గేమ్ మాస్టరే (అక్కడ డీఎంను అలా అంటారు) చాటుగా వేస్తాడు. మరీ దారుణంగా పడితే ఆటగాడికి తప్పుడు సమాచారం చెప్తాడు. తనకు అందింది నిజమో కాదో ఆటగాడికీ తెలియదు, పాత్రకూ తెలియదు. అక్కడ ఇద్దరూ ఒకే చోట నిలబడతారు.

ఇంకో దారిలో వెళ్లిన ఆట ‘టెన్ క్యాండిల్స్’. స్టీఫెన్ డ్యూయీ 2015లో తెచ్చాడు. చీకటి గదిలో పది కొవ్వొత్తులు వెలిగించి ఆడతారు. రోల్ తప్పినప్పుడల్లా ఒకటి ఆరుతుంది. పదోది ఆరేసరికి ఒక్క పాత్ర కూడా మిగలదని మొదటి నిమిషంలోనే అందరికీ చెప్పేస్తారు. ఆట మొదట్లో పాత్రల చివరి మాటలు రికార్డు చేసి, ఆఖర్న వినిపిస్తారు. పాత్రలు మాత్రం బతుకుతామనే ఆశతో పరుగెత్తుతుంటాయి. ముగింపు తెలిసిపోయాక ఆటగాడికి దాచుకోవాల్సిందీ కాపాడుకోవాల్సిందీ ఏమీ ఉండదు. ఆ స్వేచ్ఛలో జనం ఎంత బాగా ఆడతారో!

పాత్రకే ఎక్కువ తెలుసు

ఈ వాదనల్లో ఎప్పుడూ మరుగున పడే విషయం ఒకటుంది. ఆటగాడు ఆ లోకంలో ఉండేది ఆదివారం సాయంత్రం నాలుగు గంటలు. పాత్ర అక్కడే పుట్టి పెరిగింది. ఆ ఊరి గుడిలో చెప్పులు ఎక్కడ విడవాలో, ఏ దొర పేరు ఎత్తితే బజారులో మాటలు ఆగిపోతాయో పాత్రకు తెలుసు, ఆటగాడికి తెలియదు. మరి ట్రోల్స్ తిరిగే లోకంలో, వంతెన పక్క ఊళ్లో పెరిగిన కుర్రాడు ట్రోల్ కథ ఒక్కటి కూడా వినకుండా ఇరవై ఏళ్లవాడు ఎలా అయ్యాడు? పాము కరిస్తే ఏం చేయాలో మన ఊళ్లలో ప్రతివాడూ ఏదో ఒకటి చెప్తాడు. అందులో సగం తప్పే అయినా సరే.

2012లో వచ్చిన ‘డంజన్ వరల్డ్’ ఈ కిటుకు పట్టుకుంది. పాత్రకు ఏదైనా గుర్తుందా అని రోల్ వేసి, బాగా పడితే గేమ్ మాస్టర్ పనికొచ్చే సంగతి ఒకటి చెప్తాడు. తర్వాత ‘ఇది నీకెలా తెలిసింది?’ అని అడగొచ్చు. ఆటగాడు అక్కడికక్కడ జవాబు అల్లాలి. మా అమ్మమ్మ పొయ్యి దగ్గర కూర్చోబెట్టి చెప్పేదంటాడు, లేదా మా నాన్న చెయ్యి పోయింది ఒక ట్రోల్ వల్లే అంటాడు. నేరం మోపడానికి వాడే ప్రశ్ననే ఇక్కడ కుతూహలంతో అడుగుతున్నారు. అంతలోనే కాగడా వెనక ఒక కుటుంబం వచ్చి నిలబడుతుంది. డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆడే డీఎం కూడా ఈ ప్రశ్న అడగొచ్చు, ఏ రూలూ అడ్డురాదు.

డీఎంను ఎవరడుగుతారు?

ఆటగాళ్ల మీద ఇంత నిఘా పెట్టే బల్లల్లో డీఎంను ఎవరూ నిలదీయరు. నిజానికి అందరికంటే ఎక్కువ తెలిసింది ఆయనకే. మాయమైన దొంగ ఏ స్తంభం వెనక ఉందో, మంత్రాలు వేసే విజార్డ్‌కు ఇంకా ఎన్ని హిట్ పాయింట్లు మిగిలాయో, ఎవరి దగ్గర మంత్రాలు అయిపోయాయో అన్నీ ఆయన ముందే ఉంటాయి. ఆయన నడిపే గాబ్లిన్లనే చిన్న రాక్షసులకు అవేవీ తెలియవు. అయినా గాబ్లిన్ బాణం సరిగ్గా ఆరు పాయింట్లు మిగిలిన విజార్డ్ మీదికే వచ్చిందంటే అదీ మెటాగేమింగే.

కీత్ అమ్మన్ 2019లో ‘ద మాన్‌స్టర్స్ నో వాట్ దే ఆర్ డూయింగ్’ అని ఈ విషయం మీదే పుస్తకం రాశాడు. ఒక్కో రాక్షసుడికి బుద్ధి ఎంత, చూపు ఎంత, ప్రాణభయం ఎంత అన్నది అంకెల నుంచి లాగి, అది ఎలా పోరాడుతుందో విప్పి చెప్పాడు. డీఎంగా కూర్చోబోయే ప్రతివాళ్లూ చదవాల్సింది. గాబ్లిన్ కంటికి ముందు కనిపించేది మెరిసే కవచంతో మీదికొస్తున్న ఫైటర్. వెనక నీరసించిన విజార్డ్ దానికి పొడవాటి గౌను వేసుకున్న ఒక ముసలాయన మాత్రమే. బాణం ఎటు వెళ్లాలో అక్కడి నుంచి తేల్చాలి. నాయకుడు పడిపోతే మిగతా గాబ్లిన్లు పారిపోవాలి, ఇంకొక్క దెబ్బతో ఆటగాళ్ల జట్టు మొత్తం కూలిపోతుందని డీఎంకు తెలిసినా సరే.